శబ్దం పెంచితే సరిపోదు

పల్లెటూరి సంఘంలో కాపరిగా ఉన్నవారికి మైకు సెట్టు గురించి కూడా కొంత తెలిసి ఉండాలి. పండుగ కూడిక మధ్యలో స్పీకరు కీచుమంటే ఎవరూ ఎలక్ట్రీషియన్ కోసం చూడరు, అయ్యగారి వైపే చూస్తారు. సెమినరీలో గ్రీకు అక్షరాలు నేర్పారు గాని సాల్డరింగ్ నేర్పలేదు. అది ఇన్నేళ్ల పరిచర్య నేర్పింది. మా ఇద్దరిలో ఒకరిది కీబోర్డు, ఒకరిది మిక్సరు. అందుకే చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో మోగని రేడియో, గొంతు పోయిన టేపురికార్డరు ఏదున్నా చివరికి మా వరండాకే చేరుతుంది.

ఈసారి వచ్చింది ఒక టర్న్‌టేబుల్. పెద్దలు రికార్డు ప్లేయరంటారు, ఇంకా పెద్దవాళ్లు గ్రామఫోను అంటారు. దాన్ని ఈ కాలపు హోమ్ థియేటర్‌కు ఎలా కలపాలో చెబుదాం. మీ ఇంట్లో కూడా బీరువా మీద ఒకటి ఉండి ఉంటే ఉపయోగపడుతుంది. దాన్ని కలుపుతూ ఉండగా మాకు మరొక సంగతి కూడా అర్థమైంది. అది టర్న్‌టేబుల్ లేని ఇళ్లకు కూడా అవసరమే.

మా సంఘంలో ఒక పెద్దాయన ఉన్నారు. పేరెందుకు, మాస్టారు అనుకుందాం. మిషన్ స్కూల్లో తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఆదివారం ఆరాధనలో ఏళ్ల తరబడి హార్మోనియం వాయించారు. ఇప్పుడు ఎనభై రెండేళ్లు. భార్య ప్రభువు సన్నిధికి వెళ్లి ఆరేళ్లయింది. అప్పటినుంచి ఆయన మాటలు తగ్గిపోయాయి. కూడికకు వస్తారు, కూర్చుంటారు, వెళ్లిపోతారు. పలకరిస్తే నవ్వుతారు, అంతే. భార్య పోయిన దిగులు అని ఊరంతా అనుకుంది.

1980లలో ఆయన బావమరిది కువైట్ నుంచి వస్తూ ఒక జపాన్ స్టీరియో సెట్టు తెచ్చిచ్చారు. టర్న్‌టేబుల్, ఆంప్లిఫైయర్, రెండు చెక్క స్పీకర్లు. వాటితోపాటు ఆయన పోగుచేసుకున్న ఎల్‌పీ రికార్డులు ఓ నలభై. ఘంటసాల, సుశీల పాటలు, మాయాబజార్, 1978లో వచ్చిన కరుణామయుడు, కొన్ని క్రిస్మస్ పాటలు. ఆంప్లిఫైయర్ ఎప్పుడో పోయింది, స్పీకర్లకు చెద పట్టింది. టర్న్‌టేబుల్‌ని మాత్రం పాత చీర చుట్టి దాచుకున్నారు.

ఈ మధ్య హైదరాబాదులో ఉండే కొడుకు ఆయన్ని తనతో తీసుకువెళ్దామని నిర్ణయించాడు. ఒంటరిగా ఎన్నాళ్లుంటారు అని. ఇల్లు అద్దెకివ్వాలి, సామాను తేల్చాలి. పాత ఇనుము కొనే అతను ఒకసారి వచ్చి చూసి కూడా వెళ్లాడు. ఇంజనీరింగ్ చదివే మనవడు పోనీ ఒకసారి చూద్దామని ఆ టర్న్‌టేబుల్‌ని హాల్లో ఉన్న హోమ్ థియేటర్‌కు తగిలించాడు. పళ్లెం తిరిగింది గాని పాట రాలేదు. దోమ పాడినట్టు సన్నగా ఏదో వచ్చింది. వాల్యూమ్ చివరికంటా తిప్పితే బుయ్యిమని మోత, దాని వెనక ఎక్కడో రేకు మీద ఇసుక పోసినట్టు గరగర. "ముల్లు పోయినట్టుంది తాతా, వేస్ట్" అన్నాడు వాడు.

మర్నాడు సాయంత్రం మాస్టారు చేతికర్రతో మా ఇంటికి వచ్చారు. వెనకాల మనవడు సెట్టు మోసుకుని వచ్చాడు. "అయ్యగారూ, ఇది చచ్చిందో బతికుందో చూసి చెప్పండి. చచ్చిందంటే ఆ ఇనుమాయనకు ఇచ్చేస్తాను" అన్నారు. చాలా నెలల తర్వాత ఆయన నోట మేము విన్న అంత పొడుగు మాట అదే.

సెట్టు బతికే ఉంది. మోటారు బాగుంది. రబ్బరు బెల్టు కొంచెం వదులైంది గాని తిప్పుతోంది. భూతద్దం పెట్టి చూస్తే ముల్లు కూడా నిక్షేపంగా ఉంది. దుమ్ము పట్టింది, తుడిస్తే పోయింది. మనవడు తగిలించిన తీరులో కూడా బయటికి కనిపించే పొరపాటేమీ లేదు. టర్న్‌టేబుల్ వెనక ఎరుపు, తెలుపు పిన్నులు రెండున్నాయి. హోమ్ థియేటర్ వెనక ఆక్స్ అని రాసిన చోట ఎరుపు, తెలుపు రంధ్రాలు రెండున్నాయి. పిన్ను రంధ్రంలో సరిగ్గా పట్టింది. పట్టినంత మాత్రాన పాట రాదు. ఎందుకో చూద్దాం.

రికార్డు మీద ఒక్కటే గాడి ఉంటుంది. అంచు దగ్గర మొదలై చుట్టలు చుట్టుకుంటూ మధ్యకు వెళుతుంది. 1948లో కొలంబియా కంపెనీ తెచ్చిన ఎల్‌పీ నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది. ఇరవై నిమిషాల పాటలున్న ఒక పక్కను విప్పి తాడులా పరిస్తే నాలుగు వందల మీటర్లు దాటుతుంది. మా చర్చి దగ్గర్నుంచి బస్టాపు దాకా వస్తుందన్న మాట. ఆ గాడి గోడలు అలలు అలలుగా ఉంటాయి. ముల్లు ఆ అలల వెంట నడుస్తూ వణుకుతుంది. ముల్లుకు వెనక ఉన్న సన్నని పుల్ల చివర చిన్న అయస్కాంతం ఉంటుంది. అది తీగచుట్టల మధ్య కదిలినప్పుడు కొద్దిగా కరెంటు పుడుతుంది. ఎంత కొద్దిగా అంటే, సుమారు 5 మిల్లీవోల్టులు. సీడీ ప్లేయరు ఆక్స్ రంధ్రంలోకి 2 వోల్టుల దాకా పంపిస్తుంది. అంటే దానిలో నాలుగు వందల వంతుల్లో ఒక వంతు. రెండో గదిలో గుసగుసగా చెప్పిన మాట లాంటిది.

అయితే గుసగుసను పెద్దది చేస్తే సరిపోతుంది కదా, వాల్యూమ్ ఉన్నది అందుకే కదా అనిపిస్తుంది. ఇక్కడ రెండో సంగతి ఉంది. రికార్డు మీద పాటను ఉన్నది ఉన్నట్టు చెక్కరు. తబలా ఎడమ దాని మోత, మృదంగం గుమ్మనే నాదం లాంటి బరువు స్వరాలకు ముల్లు చాలా పక్కకు ఊగాలి. అవి ఉన్నంతగా చెక్కితే గాడి వెళ్లి పక్క గాడిలో పడుతుంది, లేదా గాడిల మధ్య చోటు పెంచాలి, అప్పుడు ఒక పక్కకు ఇరవై నిమిషాలు పట్టవు. అందుకని చెక్కేటప్పుడే బరువు స్వరాలను బాగా తగ్గిస్తారు. సన్నని స్వరాలను బాగా పెంచుతారు. పెంచడానికి కారణం వేరు. రికార్డు ఉపరితలం మీద ఉండే గరగర కూడా సన్నని స్వరమే. తర్వాత వినేటప్పుడు సన్నని స్వరాలను తగ్గిస్తే వాటితోపాటు ఆ గరగర కూడా తగ్గుతుంది.

ఎంత తగ్గించాలి, ఎంత పెంచాలి అనేది మొదట్లో ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. 1954లో అమెరికా రికార్డింగ్ పరిశ్రమల సంఘం ఆర్‌ఐఏఏ ఒకే కొలత పెట్టింది. క్రమంగా లోకమంతా దాన్నే పాటించింది. ఆ లెక్కలో అన్నిటికన్నా కింది స్వరాలు దాదాపు పదో వంతుకు తగ్గుతాయి, అన్నిటికన్నా పై స్వరాలు దాదాపు పదింతలవుతాయి. కనుక వినిపించే వైపు ఎవరో ఒకరు కూర్చుని దీనికి సరిగ్గా తలకిందులుగా చెయ్యాలి. తగ్గించినదాన్ని పెంచాలి, పెంచినదాన్ని తగ్గించాలి, మొత్తాన్ని ఓ వందరెట్లు పెద్దది చెయ్యాలి. ఆ పని చేసేదాన్ని ఫోనో ప్రీయాంప్ అంటారు.

పాతకాలపు ఆంప్లిఫైయర్లలో ఇది లోపలే ఉండేది. వెనక ఫోనో అని రాసిన రంధ్రం ఉండేది, అందులో పెడితే చాలు. మాస్టారి పాత ఆంప్లిఫైయర్‌లోనూ ఉంది. అది పోయి దాని స్థానంలో హోమ్ థియేటర్ వచ్చినప్పుడు ఆ ఫోనో మెట్టు కూడా పోయింది. పోయిందని ఎవరూ గమనించలేదు, ఎందుకంటే అది ఉన్నన్నాళ్లూ అది ఉన్నట్టే ఎవరికీ తెలియదు.

ఇప్పుడు ఆక్స్‌లో నేరుగా పెడితే ఏమవుతుందో మీకే తెలుస్తుంది. బరువు స్వరాలు రావు, గరగర ముందుకొస్తుంది. వాల్యూమ్ పెంచితే ఆ గరగరే ఇంకా పెద్దగా వస్తుంది. లేని తబలా ఎంత తిప్పినా రాదు.

చెన్నైలో పనిచేసే మా సంఘ యువకుడొకరు రిచీ స్ట్రీట్‌లో చిన్న ప్రీయాంప్ ఒకటి కొని బస్సు పార్శిల్‌లో పంపాడు. సబ్బుపెట్టె అంత ఉంది. రెండు వేల చిల్లర అయింది. మీరు కొనేముందు మాత్రం రెండు సంగతులు చూసుకోండి. ఇప్పుడొస్తున్న కొన్ని టర్న్‌టేబుళ్లలో ప్రీయాంప్ లోపలే ఉంటుంది. వెనక ఫోనో, లైన్ అని చిన్న స్విచ్ ఉంటే అలాంటిదే. లైన్ వైపు పెట్టి నేరుగా ఆక్స్‌లో తగిలించవచ్చు, వేరే పెట్టె అక్కర్లేదు. లోపల ఒకటి, బయట ఒకటి రెండూ పనిచేస్తే పాట పగిలిపోతుంది. రెండోది, సూట్‌కేసులా మూసుకునే పాత ప్లేయర్లలో చాలావాటికి ముల్లు దగ్గర సిరామిక్ బిళ్ల ఉంటుంది. దానికి బలం ఎక్కువ, దానికీ ఈ పెట్టె అక్కర్లేదు. ఇంట్లో నాయనమ్మల నాటి 78 రికార్డులుంటే వాటిని ఎల్‌పీ ముల్లుతో వాయించకండి. వాటి గాడి మూడు నాలుగు రెట్లు వెడల్పు, వాటికి లావు ముల్లు వేరే ఉంటుంది.

కలపడం ఇలా. ముందు అన్ని ప్లగ్గులూ తీసెయ్యండి, వాల్యూమ్ సున్నా చెయ్యండి. టర్న్‌టేబుల్ నుంచి వచ్చే ఎరుపు, తెలుపు పిన్నులు ప్రీయాంప్‌లో ఇన్ వైపు పెట్టండి. ఎరుపు కుడి, తెలుపు ఎడమ. ప్రీయాంప్ అవుట్ నుంచి ఇంకో వైరు హోమ్ థియేటర్ ఆక్స్‌లోకి వెళ్లాలి. టర్న్‌టేబుల్ వెనక మూడో వైరు ఒకటి, సన్నగా, చివర రెండు కొమ్ముల రేకుతో వేలాడుతుంది. చాలామంది అదేదో తెగిపోయిన వైరనుకుని చుట్టి పక్కన పెడతారు. అది ఎర్తు. ప్రీయాంప్ మీద చిన్న మర ఉంటుంది, దాని కింద బిగించాలి. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. అంత బలహీనమైన పాట వచ్చే దారిలోకి ఆ ఊపు చొరబడితే బుయ్యిమనే మోత వస్తుంది. ఆ సన్న వైరు బిగించగానే మోత ఆగిపోతుంది. మా వరండాలో కూడా అంతే, ఒక్క మరతో సద్దుమణిగింది. ప్రీయాంప్‌ని అడాప్టర్లకు, ట్రాన్స్‌ఫార్మర్లకు కాస్త దూరంగా పెట్టండి. టర్న్‌టేబుల్‌కూ దానికీ మధ్య వైరు పొట్టిగా ఉండనివ్వండి.

ఇక కూర్చోబెట్టే చోటు. స్పీకర్లున్న బల్ల మీదే టర్న్‌టేబుల్ పెట్టకూడదు. స్పీకరు అదురు ముల్లుకు తగిలి, అది మళ్లీ స్పీకరులోకి వెళ్లి ఊళపెడుతుంది. మన ఇళ్లలో గోడలోకి దించిన కడప బండ అరలుంటాయి కదా, వాటికి మించిన చోటు లేదు. బరువైన రాయి, గోడలో పాతుకుని ఉంటుంది, నేల అదిరినా కదలదు. మేస్త్రీ దగ్గర రసమట్టం తెచ్చి నాలుగు వైపులా సమంగా ఉందో లేదో చూశాం. చేతి బరువు కూడా చూడాలి. వెనక ఉన్న గుండును తిప్పి, చెయ్యి త్రాసు ముల్లులా గాలిలో సమంగా నిలిచేలా చేసి, అక్కడ్నుంచి ఆ ముల్లుకు చెప్పిన బరువు పెట్టాలి. మాస్టారి దానికి 2 గ్రాములు. మరీ తేలికైతే గాడిలో ఎగిరి గాడిని చెడగొడుతుంది, బరువెక్కువైతే దున్నేస్తుంది.

శనివారం సాయంత్రం మాస్టారింటికి తీసుకెళ్లి అక్కడే అమర్చాం. కొడుకు కూడా హైదరాబాదు నుంచి వచ్చి ఉన్నాడు. మాస్టారు తనే ఒక రికార్డు తీసి అంచులు పట్టుకుని మనవడికి ఇచ్చారు. ముల్లు దిగింది. ఒక్క క్షణం గరగర, తర్వాత గది నిండా పాట. వాల్యూమ్ సగం కూడా లేదు.

మాస్టారు కుర్చీలో కొంచెం ముందుకు వంగారు. కుడిచెయ్యి మోకాలి మీద కదలడం మొదలైంది. తాళం వేస్తున్నారు, తప్పకుండా వేస్తున్నారు. కాసేపటికి "తబలా వినపడుతోంది" అన్నారు. మళ్లీ తనలో తానే "మొన్న వాడు పెట్టినప్పుడు నాకు అసలేమీ వినపడలేదు. మీరంతా ఏదో వస్తోందంటుంటే ఊరుకున్నాను" అన్నారు.

ఆ మాట దగ్గర మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. మనవడు పెట్టినప్పుడు మిగతావాళ్లకు దోమ పాటయినా వినిపించింది. ఈయనకు అది కూడా లేదు. అంటే సన్నని స్వరాలు ఈయన చెవిలోకి వెళ్లడం లేదు. బరువు స్వరాలు మాత్రం శుభ్రంగా వెళుతున్నాయి. తాళం తప్పడం లేదంటే ఎంత శుభ్రంగానో చూడండి.

వయసుతో వచ్చే చెవుడు తరచుగా ఇలాగే వస్తుంది. చెవి లోపల నత్తగుల్లలా చుట్టుకున్న భాగం ఉంటుంది. దాని గుమ్మం దగ్గర సన్నని స్వరాలను పట్టే కణాలుంటాయి, లోపలికి వెళ్లేకొద్దీ బరువు స్వరాలను పట్టేవి. ముందు పోయేవి గుమ్మం దగ్గరివే. మన మాటలో అ, ఆ, ఓ లాంటి అచ్చుల బలమంతా కింది స్వరాల్లో ఉంటుంది. ప, క, చ, త, స లాంటి హల్లులు సన్నగా, పొట్టిగా, పైన ఉంటాయి. కనుక చెవి ఇలా అయినవారికి అచ్చులు వినపడతాయి, హల్లులు రాలిపోతాయి. మీరు పాలు అనండి, కాలు అనండి, చాలు అనండి, వాళ్లకు చేరేది "ఆలు" ఒక్కటే. మిగతాది ఊహించుకోవాలి.

కోడలు అప్పుడు చెప్పింది. ఒకరోజు "పాలు తెమ్మంటారా?" అని అడిగితే ఆయన "కాలు బాగానే ఉందమ్మా" అన్నారట. ఇంట్లో అందరూ నవ్వారు. చెడ్డ ఉద్దేశంతో కాదు, నవ్వు వచ్చి నవ్వారు. ఆ నవ్వు మాత్రం ఆయనకు కనిపించింది. అలాంటివి ఇంకో నాలుగైదు జరిగాక ఆయన జవాబులు మానేశారు. మనిషి మౌనంగా ఉంటే ఎవరూ నవ్వరు కదా.

అందరూ అప్పటినుంచి ఆయనతో అరిచి మాట్లాడుతున్నారు. అరిస్తే ఏమవుతుందో ఇప్పుడు మీరే చెప్పగలరు. గొంతు పెంచితే అచ్చు పెద్దదవుతుంది, హల్లు దాని కింద ఇంకా మునుగుతుంది. ఆక్స్‌లో పెట్టి వాల్యూమ్ తిప్పినట్టే. పైగా ఇలాంటి చెవులకు చిన్న శబ్దం అందదు, పెద్ద శబ్దం ఓర్చుకోలేనంత గట్టిగా తగులుతుంది. "అరవకండిరా" అని ఆయన విసుక్కుంటే, "వినపడదంటారు, అరిస్తే అరవొద్దంటారు, ఎలా చావాలి" అని వీళ్లు విసుక్కుంటారు. ఇద్దరిదీ నిజమే. ఎవరో చెబితే చెవి పరీక్ష లేకుండానే ఒక దుకాణంలో మిషన్ కొని పెట్టారట. అది అన్నిటినీ ఒకే రకంగా పెంచేది. ఫ్యాను చప్పుడు, గిన్నెల మోత అన్నీ చెవిలో పడేసరికి రెండు రోజులకే తీసి సొరుగులో పెట్టేశారు.

కొడుకు ఒక మాట అన్నాడు. "అమ్మ ఉన్నప్పుడు నాన్నకు ఇంత చెవుడు లేదండీ."

మాకు ఆ తల్లి గుర్తొచ్చారు. ఎక్కడ కూర్చున్నా ఆయనకు ఎదురుగానో, కుడిపక్కనో కూర్చునేవారు. ఎవరైనా ఏదైనా అడిగితే ఆయన ముఖం వైపు తిరిగి, నెమ్మదిగా, వేరే మాటల్లో మళ్లీ చెప్పేవారు. "మన అయ్యగారు గుంటూరు సంగతి అడుగుతున్నారు" అని ముందు విషయం చెప్పి, తర్వాత ప్రశ్న చెప్పేవారు. చర్చిలో కీర్తన నంబరు వేళ్లతో చూపించేవారు. ఆమె అలా చేస్తున్నారని ఎవరూ గమనించలేదు, బహుశా ఆమె కూడా దాన్నొక పనిగా అనుకొని ఉండరు. ఆయన చెవి ఒక్కసారిగా పోలేదు. ఆ పని చేసే మనిషి పోయింది. ఆరేళ్లుగా దిగులు అని మనమంతా పేరు పెట్టినదాంట్లో దిగులెంతో, వినపడకపోవడమెంతో ఎవరు విడదీయగలరు?

ప్రియులారా, లేవీయకాండము 19వ అధ్యాయంలో చెవిటివారిని దూషించకూడదనే ఆజ్ఞ ఉంది. మేము దాన్ని ఎన్నోసార్లు చదివాం. వినపడనివాడిని తిడితే వాడికి తెలియదు కదా, అయినా ఎందుకు ప్రత్యేకంగా చెప్పారు అంటే, జవాబు చెప్పుకోలేని మనిషిని కాపాడటానికే. అరవడం తిట్టు కాదు నిజమే. కానీ రోజూ అరిచే ఇంట్లో కూర్చున్న మనిషికి ఆ రెండింటికీ తేడా ఎలా తెలుస్తుంది? మాట అందదు, ముఖం మీద విసుగు మాత్రం అందుతుంది.

ఆ రాత్రి ఆ కుటుంబంతో కూర్చుని మాట్లాడుకున్న సంగతులు ఇవి. మీ ఇంట్లో పెద్దలుంటే మీరూ చేసి చూడండి. మాట్లాడేముందు టీవీ కట్టెయ్యండి. ఎదురుగా, వెలుతురు మీ ముఖం మీద పడేలా కూర్చోండి, పెదవులు కనపడితే రాలిపోయిన హల్లులు సగం దొరుకుతాయి. వంటింట్లోంచి కేకెయ్యకండి. మామూలు గొంతుతో, కొంచెం నెమ్మదిగా, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడండి. అర్థం కాకపోతే అదే మాటను గట్టిగా అనకండి, వేరే మాటతో చెప్పండి. పాలు అందకపోతే గ్లాసు చూపించండి. "ఏం లేదులే" అని మాత్రం అనకండి. పెద్దల్ని అన్నిటికన్నా ఒంటరిని చేసే మాట అదే.

చెవి పరీక్ష చేయించండి. ఏ స్వరం ఎంత పోయిందో గీత గీసి ఇస్తారు, దాన్ని ఆడియోగ్రామ్ అంటారు. ఆ గీతను బట్టి అమర్చిన మిషన్ పోయిన స్వరాలనే పెంచుతుంది, ఉన్నవాటిని అలాగే ఉంచుతుంది. మా సబ్బుపెట్టె చేసిన పనికి ఇది దగ్గరి చుట్టం. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, చెవి పరీక్షలు, మిషన్ల పని అక్కడ చేస్తారు. ఆదాయం తక్కువగా ఉన్నవారికి కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం కింద మిషన్ ఇస్తారు. మిషన్ పెట్టగానే చెవి కుర్రదైపోదు. మెదడుకు ఆ శబ్దాలు మళ్లీ అలవాటు కావడానికి వారాలు, నెలలు పడుతుంది. రెండు రోజులకే సొరుగులో పెట్టనివ్వకండి.

ఇనుమాయన మంగళవారం వచ్చి పాత ఇనుప మంచం, సైకిలు తీసుకెళ్లాడు. టర్న్‌టేబుల్, రికార్డులు కారులో వెనక సీటు మీద, మాస్టారి పక్కన వెళ్లాయి.

నెల తర్వాత కొడుకు ఫోను చేశాడు. కొత్త ఫ్లాట్‌లో సెట్టు అమర్చాడట, బుయ్యిమంటోందట. "సన్న వైరు బిగించావా బాబూ?" అని అడిగాం. "ఏ సన్న వైరండీ?" అని వెతికి, ఫోను బల్ల మీద పెట్టి బిగించాడు. మోత ఆగిపోవడం మాకూ వినిపించింది. పరీక్ష అయిందని, మిషన్ వచ్చే వారం ఇస్తామన్నారని చెప్పాడు. అంటే ఇంకా రాలేదు. ఫోను పెట్టెయ్యడం మరిచిపోయినట్టున్నాడు, కుర్చీ దగ్గరికి లాక్కున్న చప్పుడు వచ్చింది. టీవీ కట్టేసిన చప్పుడు. తర్వాత అతని గొంతు, మామూలుగా, నెమ్మదిగా.

"నాన్నా, పాలు... ఇంకొంచెం పొయ్యనా?"

ఒక క్షణం ఆగి మాస్టారి గొంతు వచ్చింది.

"చాలు."